చేపల మాస్టారి కబుర్లు

ప్రతి డిసెంబరు చివర్లో మా వెబ్ ఆర్కైవ్‌లో వాడకంలో లేని ఖాతాలు తొలగిస్తాను. పాత వెబ్‌సైట్లు మూతపడక ముందే కాపీ తీసి దాచడం మా ప్రాజెక్టు పని. దాచినవి చూడాలనుకునేవాళ్ళకి ఒక ఖాతా, పాస్‌వర్డు ఇస్తాం. ఏడాదిగా ఎవరూ తెరవని ఖాతాల జాబితాను కంప్యూటరే తీసిస్తుంది. ఒక వరసలో పేరు, పక్క వరసలో చివరిసారి వచ్చిన తేదీ. ఈసారి పదకొండు పేర్లు వచ్చాయి. తొమ్మిదోది మాస్టారిది. ఆయన పోయి ఏడు నెలలైంది. చివరిసారి వచ్చిన తేదీ చూస్తే, పోయినేడు జరిగిన మా వార్షిక సమావేశానికి సరిగ్గా రెండు రోజుల ముందు.

మిగతా పదీ తొలగించాను. ఆయనది వదిలేసి, లేచి వెళ్ళి టీ తాగి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. సమావేశాల్లో కూడా ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచింది లేదు. ముందు మాట్లాడేటప్పుడు ‘మాస్టారు’ అనేవారు, వెనక మాట్లాడేటప్పుడు ‘ఆ చేపల మాస్టారు’ అనేవారు. అంతే తేడా.

ఏటా డిసెంబరు మొదట్లో విజయనగరంలో ఒక కాలేజీ సెమినార్ హాల్లో రెండు రోజులు మా రంగం వాళ్ళ సమావేశం జరుగుతుంది. మూడు రకాల వాళ్ళు వస్తారు: వెబ్‌సైట్లు దాచేవాళ్ళు, దాచినవాటి మీద పరిశోధన చేసేవాళ్ళు, ఈ ఇద్దరి పనీ ఎలా సాగుతోందో చూసి వెళ్ళే పెద్దలు. మాస్టారు ఈ మూడిట్లో ఏదీ కాదు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. రిజిస్ట్రేషన్ ఫారంలో ‘సంస్థ’ అనే గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. అందుకని ఆయన అందులో ‘లేదు’ అని నింపేవారు. బ్యాడ్జీలు ఆ ఫారం నుంచే అచ్చవుతాయి గనక, ఆయన మెడలో పైన పేరు, కింద లావుపాటి అక్షరాల్లో ‘లేదు’ అని వేలాడేది. నిర్వాహకులు నొచ్చుకుని మార్చి ఇస్తామన్నారు ఒకసారి.

“మార్సడం ఏటికి బాబూ, ఉన్నమాటే కదా,” అన్నారాయన.

చివరి వరసలో, కుడివైపు కిటికీ పక్క కుర్చీ ఆయనది. వేదిక మీద ఎవరు మాట్లాడుతున్నా సమావేశం సంచీలో ఇచ్చిన నోటుపుస్తకంలో బొమ్మలు వేస్తూ ఉండేవారు. రాయడం చూడలేదు, బొమ్మలే. మాట్లాడుతున్న మనిషిని చేపగా వేసేవారు. ఒకసారి దొంగతనంగా చూశాను. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు కళ్ళజోడుతో సహా చందువ చేప అయ్యాడు. నన్ను సావిడాయిగా వేశారు. సన్నగా, పొడుగ్గా, వెండి రిబ్బను ముక్కలాగ ఉండే చేప. “నీకేటి, ముల్లు తక్కువ,” అన్నారు ఓదార్పుగా.

మధ్యాహ్నం భోజనం అందరికీ వరండాలో శాకాహారం. ఆయన వరసలో నిలబడేవారు కాదు. మెట్ల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పేవారు. రెండో గిన్నెలో వంకాయతో వండిన ఎండునెత్తళ్ళు, వేలెడంత చేపలు. ఆ వాసన వరండా పొడుగునా పాకేది. పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు మాటలు ఆపకుండానే ఒక్కో అడుగూ అవతలికి జరిగేవారు. అది ఆయన చూడనట్టే తినేవారు. తిన్నాక గిన్నె కడిగి, మళ్ళీ కడిగి, చెయ్యి వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కునేవారు. చూడలేదని ఎలా అనుకున్నానో ఇప్పుడు తెలియదు.

కానీ ఆయన్ని చూసి మా వాళ్ళు భయపడింది నెత్తళ్ళకి కాదు. ఒక మాటకి. ఎవరైనా వేదికెక్కి, ఇన్ని సైట్లు దాచాం, ఇన్ని పేజీలు తెచ్చాం అని లెక్కలు చూపించి కూర్చోబోయేసరికి వెనక నుంచి గొంతు వచ్చేది.

“బాబూ, ఓపాలి తెరిసి సూపించండి.”

తెరిచేవారు. మొదటి పేజీ చక్కగా వచ్చేది. చప్పట్లు మొదలయ్యేలోపు మళ్ళీ, “గుమ్మం కాడ నిలబడిపోతే ఎలగ? లోపలికెల్లండి.”

లోపలికి వెళితే ఫొటోలు రావు. లేదా ఒక లింకు ఎక్కడికీ పోదు. మా పనిలో ఇది మామూలే. మామూలే గనక నలుగురిలో చూపించం.

నా మొదటి ప్రసంగం అయిదు నిమిషాలది. మా జిల్లాల సైట్ల గురించి. ఒక ఊరి నాటక సమాజం వాళ్ళు ఎప్పుడో పెట్టి వదిలేసిన సైటు తెరిచి చూపించాను. లోపలికెళ్ళమన్నారు. వెళ్ళాను. వేషాల ఫొటోలు ఉండాల్సిన చోట ఇరవై నాలుగు తెల్లగడులు, ఆరేసి చొప్పున నాలుగు వరసలు. హాలంతా నవ్వింది. టీ దగ్గర ఆయనే నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

“కోపమొచ్చిందా బాబూ?”

“లేదండి.”

“వొచ్చినాది. సెవులు ఎర్రగున్నాయి. ఏటి సేస్తాం, పిల్లలు బొమ్మేసి తెస్తే ముందు తోక సూస్తాను నాను. ముకం అందరూ బాగానే ఏస్తారు. తోక కాడికొచ్చేసరికి ఓపిక సచ్చిపోతాది.”

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి ఫొటోలు ఎందుకు రాలేదో కనుక్కున్నాను. అవి వేరే చోట నిలవ ఉండేవి. మా క్రాలర్ అక్కడికి వెళ్ళలేదు. క్రాలర్ అంటే ఒక పేజీ తెరిచి, అందులో ఉన్న లింకులన్నీ పట్టుకుని, వాటి వెంట పోతూ దొరికిన పేజీలన్నీ కాపీ చేసుకునే ప్రోగ్రాం. సరిచేసి మళ్ళీ పంపాను. ఫొటోలు వచ్చాయి. ఫోన్ చేసి చెప్పాను. “మంచి పిల్లడివి,” అన్నారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ మాట ఎవరైనా అని చాలా కాలమైంది.

ఆ మర్నాడు తన సైటు చూపించారు. రిటైరయ్యాక ఎవరి దగ్గరో నేర్చుకుని, ఉచితంగా చోటిచ్చే ఒక కంపెనీ పేజీల్లో కట్టుకున్నారు. శ్రీకాకుళం తీరాన తను పుట్టిన ఊళ్ళో వలకి పడే చేపలన్నిటికీ బొమ్మలు. ఒక్కో పేజీకి ఒక చేప, దాని పేరు, ఏ కాలంలో పడుతుంది, ముల్లు ఎటు ఉంటుంది. పొలుసులు ఒక్కొక్కటీ వేసిన బొమ్మలు. నేను బొమ్మలు మెచ్చుకుంటూ ఉంటే ఆయన విసుక్కున్నారు.

“బొమ్మల్దేటున్నాది, ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. కిందకి రా. ఇదిగో, ఇక్కడ నొక్కు.”

ప్రతి బొమ్మ కిందా ‘కబుర్లు’ అని ఒక లింకు. నొక్కితే ఇంకో పేజీ. ఆ ఊరి మగవాళ్ళలో చాలామంది గుజరాత్‌లో వీరావల్ రేవుకి బోట్ల మీద పనికి పోతారు. ఆగస్టులో పోతే మళ్ళీ ఎండాకాలానికే రావడం. వాళ్ళు అక్కడి నుంచి ఫోన్లో టైపు చేసి రాసిన కబుర్లు అవి. మాస్టారు ఒక్కోటీ నాకు పైకి చదివారు.

‘మాస్టారూ, ఇక్కడ దీనికి వేరే పేరున్నాది. నాకు నాలిక తిరగతల్లేదు.’

‘మాస్టారూ, తోక ఇంకొంచెం సీలాలి. రేపు పడితే ఫొటో ఎడతాను.’

‘మాస్టారూ, మీ మోకాలు ఎలగున్నాది? నూనె రాస్తన్నారా?’

‘మాయమ్మ అగుపిస్తే బాగున్నానని సెప్పండి.’

ప్రతి ఆదివారం విజయనగరం నుంచి బస్సు మీద శ్రీకాకుళం, అక్కడి నుంచి ఆటో, ఆపైన మోకాలు లాగుతున్నా నడక. ఇంటింటికీ వెళ్ళి ఈ కబుర్లు చదివి వినిపించి వచ్చేవారట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు పోస్టుమాన్ గొంతులా ఉండేది, పని ఉన్న మనిషి గొంతు.

“ఇదంతా దాసిపెట్టగలవా బాబూ? ఆ కంపెనీవోడు ఎప్పుడు తలుపేసేస్తాడో తెల్దు.”

“దాస్తాను మాస్టారూ.”

దాచాను. క్రాలర్‌ని పంపాను, రెండు రోజుల్లో పని ముగిసింది, రిపోర్టు వచ్చింది. దాచిన పేజీలు పచ్చగా, దొరకనివి ఎర్రగా చూపిస్తుంది ఆ రిపోర్టు. అంతా పచ్చగా ఉంది. ఫోన్ చేసి చెప్పాను. చూసుకోవడానికి ఖాతా కూడా తెరిచి ఇచ్చాను. పక్కింటివాళ్ళ మనవడి దగ్గర కంప్యూటరుందని, వీలు చూసుకుని చూస్తానని అన్నారు.

పోయినేడు సమావేశం నాటికి నా ఉద్యోగం ఊగిసలాడుతోంది. కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. పొడిగించాలా వద్దా అన్నది ఆ సమావేశంలో నా ప్రసంగం విని తేలుస్తారని మా ప్రాజెక్టు హెడ్ ముందే చెప్పారు. ఉదయం మెట్ల దగ్గర మాస్టారు కనిపిస్తే ఆయనతో ఆ సంగతి అన్నాను. వేరే ఎవరితో అంటాను? “బాగా సెప్పు, భయపడకు,” అని భుజం తట్టారు.

మాస్టారి సైటునే ఉదాహరణగా పెట్టుకున్నాను. ఒక వంజరం చేప బొమ్మ తెరమీద గోడంత వేశాను. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు, అంత బాగుంది. ఎంత జాగ్రత్తగా దాచామో చెప్పాను. రిపోర్టు చూపించాను, పైనుంచి కింది దాకా పచ్చటి గడులు. ముగించి, అలవాటుగా చివరి వరసకేసి చూశాను. ఆయన తలవంచుకుని నోటుపుస్తకంలో ఏదో వేసుకుంటున్నారు. ఏమీ అడగలేదు. ముందు వరసలో పెద్దలు చప్పట్లు కొట్టారు. నా పనిని మాస్టారు మొదటిసారి నమ్మారు అనుకున్నాను. ఆ రోజు నాకు కలిగిన గర్వంలో సగం ఉద్యోగానిది కాదు, ఆ నమ్మకానిదే.

టీ దగ్గర మా హెడ్ సమోసా ప్లేటుతో నా పక్కనే ఉన్నారు. మాస్టారు వచ్చారు. ఆయనకి నమస్కారం పెట్టి, నాకేసి తిరిగి, “ఇంటికెల్లాక తీరుబడిగా ఓపాలి తెరిసి సూసుకో బాబూ. లోపలికంటా,” అన్నారు.

“రిపోర్టంతా పచ్చగా ఉంది మాస్టారూ. ఒక్క ఎరుపు లేదు.”

“పచ్చగున్నాదా?”

“అంతా.”

“సరే అయితే,” అన్నారు. కప్పు కింద పెట్టి, గ్రూప్ ఫొటోకి ఉండకుండా వెళ్ళిపోయారు. బస్సుందన్నారు.

నా కాంట్రాక్టు పొడిగించారు. మే నెలలో ఆయన పోయినట్టు మా వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. దాని కింద వరసగా దండాలు. నేనూ ఒకటి పెట్టాను. వెళ్ళలేదు. ఆగస్టులో, ఆయన అనుకున్నట్టే, ఆ కంపెనీ తలుపేసేసింది. ఆయన సైటు పోయిందని ఎవరో గ్రూపులో బాధపడితే, ‘మన దగ్గర భద్రంగా ఉంది’ అని నేను రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. ఈ ఏడాది సమావేశంలో ఎవరూ ఎవర్నీ ఏదీ తెరిచి చూపించమనలేదు. అన్ని ప్రసంగాలూ సమయానికి ముగిశాయి.

టీ తాగి వచ్చాక, మాస్టారి ఖాతా చివరిసారి ఏం చూసిందో లాగ్ తెరిచాను. ఎవరు ఏ పేజీ అడిగారో, అది దొరికిందో లేదో గంట, నిమిషంతో సహా అందులో ఉంటుంది. మధ్యాహ్నం రెండూ పది నుంచి నాలుగున్నర దాకా. మొదట వంజరం బొమ్మ: దొరికింది. దాని కింద కబుర్లు: లేదు. కబుర్లు మళ్ళీ: లేదు. కానాగంతల బొమ్మ: దొరికింది. కబుర్లు: లేదు. ఒక్కో చేపా తెరిచి, ఒక్కోదాని కింద కబుర్లు నొక్కి చూశారు. అన్ని చేపలూ చూశారు. కొన్నిటికి మూడేసి సార్లు నొక్కారు, వేలు సరిగ్గా పడలేదేమో అనుకున్నట్టు. లెక్కపెట్టడం నా అలవాటు. లెక్కపెట్టాను. ఆ అంకె ఇక్కడ రాయలేను.

కారణం కనుక్కోవడానికి పది నిమిషాలు పట్టలేదు. క్రాలర్‌కి మేం ఒక మినహాయింపు జాబితా ఇస్తాం. క్యాలెండర్లు, లాగిన్ పేజీలు, వెతుకులాట పేజీలు, చదివినవాళ్ళు వ్యాఖ్యలు రాసే పేజీలు. ఇవి వదిలెయ్యకపోతే క్రాలర్ అందులోనే గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది, చెత్త పోగవుతుంది. ఆ జాబితా రాసింది నేను. నలభై మూడు నియమాలు, సమావేశంలో మెప్పు కూడా పొందింది. అన్ని సైట్లకీ అదే వేస్తాను. పందొమ్మిదో నియమం వ్యాఖ్యలది. మాస్టారి కబుర్ల పేజీలన్నీ దానికిందకే వచ్చాయి. మేం వద్దనుకున్న పేజీలు రిపోర్టులో ఎర్రగా రావు. అసలు రానే రావు. వద్దనుకున్నది తప్పుల్లో లెక్క కాదు.

ఆయనకిది నా ప్రసంగానికి రెండు రోజుల ముందే తెలుసు. ఒక్క మాట అడిగి ఉంటే హాల్లో నేను ఏమయ్యేవాణ్ణో కూడా తెలుసు. సైటు అప్పటికింకా బతికే ఉంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికే ఉంది. నియమం ఒకటి తీసేసి మళ్ళీ క్రాలర్‌ని పంపితే రెండు రోజుల పని. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని ముందు ఆయన మీదే కోపం వచ్చింది. అంతా పచ్చగా ఉందని మొహమ్మీద చెప్పినవాడికి ఎవరైనా ఇంకేం చెప్తారు?

ఇంకెక్కడైనా ఉన్నాయేమో వెతికాను. ప్రపంచంలో పెద్ద ఆర్కైవులు, చిన్నవి, మా రంగంలో తెలిసినవాళ్ళ సొంత డిస్కులు. ఒకచోట మొదటి పేజీ ఉంది. అంతే.

ఆదివారం బస్సెక్కాను. ఆయన వెళ్ళిన దారినే వెళ్ళాను. ఊళ్ళో టీ కొట్టు దగ్గర అడిగితే, మాస్టారు ముందుగా ఆగే ఇల్లు చూపించారు. ఒకావిడ వాకిట్లో పట్టా మీద నెత్తళ్ళు ఆరబోస్తోంది. నలభై దాటి ఉంటాయి. భర్త వీరావల్‌లో ఉన్నాడట. నేనెవరో చెప్పాను.

“మాస్టారి సైటు దాసింది మీరేనా? సల్లగుండండి. మరేటి ఇలగొచ్చేరు?”

“బొమ్మలు దాచాం. కబుర్లు దాచలేదమ్మా. నా తప్పే. మీ ఆయన రాసినవి మీ ఫోన్లో ఏమైనా ఉన్నాయేమోనని...”

ఆవిడ నవ్వింది. “నా ఫోన్లో రోజూ ఆడే ఉంటాడు, ముకమంతాను. రాతలేటికుంటాయి?”

“ఆదివారాలు మాస్టారు వచ్చి చదివేవారు కదా?”

“సదివీవోరు. ఇనీవోళ్ళం. ఆ కబురు ఆడు ముందురోజే వీడియోలో సెప్పీసుండీవోడు. అయినా ఇనీవోళ్ళం.”

“ఎందుకు?”

“ఎందుకేటి? అంత దూరం నడిసొచ్చిన మనిసిని కూకోబెట్టి, ‘మాకు తెలుసు, ఎల్లండి’ అంతామా?” పట్టా మీద చెయ్యి ఆపింది. “ఆయనకెవరున్నారు సెప్పు నాన్నా. ‘ఒరే, మాస్టారికి ఓ ముక్క రాయండిరా’ అని మా ఈది ఆడోళ్ళమే సెప్పీవోళ్ళం. ‘ఏటి రాయాలే?’ అనీవోడు మావోడు. ‘సేప గురించి రాయి, నేపోతే మోకాలెలగుందో అడుగు, ఏదో ఒకటి’ అనీదాన్ని. ఆళ్ళ బోటు మీదోళ్ళందరి సేతా రాయించేడు.”

“ఆయనకి ఈ సంగతి తెలుసా?” అని అడిగాను.

“తెలిసే ఉంటాది,” అంది. “మాస్టారు కదా.”

టీ ఇచ్చింది. ఎక్కడుంటావంది. విజయనగరంలో గది అన్నాను. పెళ్ళయిందా అంది. లేదన్నాను. వంటెవరు చేస్తారంది. నేనే, వీలున్నప్పుడు అన్నాను. అమ్మానాన్నలంది. బొబ్బిలిలో, పండక్కి వెళ్తాను అన్నాను. ఒక్కో జవాబుకీ తలూపుతూ, నా మోకాళ్ళకేసి కూడా ఒకసారి చూసింది. అప్పుడే ఫోను మోగింది. రేవులో బోటు అంచున కూర్చున్న మనిషి తెర నిండా కనిపించాడు. ఆవిడ ఫోను అటు తిప్పుకుని గొంతు తగ్గించింది. తగ్గించినా వినబడింది.

“మాస్టారి సైటు బాబొచ్చేడు... ఆఁ, ఒక్కడే. గదిలో ఒక్కడే ఉంటాడట. పాపం, ఓ రెండు ముక్కలాడు.”

ఫోను నా చేతిలో పెట్టింది. నేను అడగాల్సినవి వస్తూ బస్సులోనే వరసగా రాసుకున్నాను. ఏ చేపల కింద రాశారు, ఏం రాశారు, ఏ సంవత్సరం, ఇంకెవరెవరు రాశారు. కాగితం జేబులోంచి తియ్యబోయాను.

“ఏటి తమ్మీ, తిన్నావా?” అన్నాడతను.

“ఇంకా లేదు.”

“టైమెంతయింది సూసేవా? తినాల. ఇక్కడ ఈ పూట మాకేటి కూరో సెప్పుకో సూద్దాం.”

నాకు తెలియదన్నాను. అతను గిన్నె మూత తీసి తెర దగ్గరగా పెట్టాడు. ఆవిరికి ఏమీ కనబడలేదు. అతను ఆ చేప గురించి, దాన్ని పట్టిన రోజు గాలి గురించి, వంటవాడు కారం ఎక్కువ వేసిన సంగతి గురించి తాపీగా చెప్పుకుంటూ పోతున్నాడు. నేను రెండు చేతులతో ఫోను పట్టుకుని వింటూ కూర్చున్నాను. మధ్యమధ్య ఆగి, ఉన్నావా తమ్మీ అని అడుగుతున్నాడు. ఉన్నానంటున్నాను.